నది పక్కనుంటే రాజ్యం పుట్టేస్తుందా? చైనా తొలి రాజవంశాల మీద ఒక అనుమానం

రాజోలు_ట్యూషన్ అడిగారు:

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. సాయంత్రంపూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకి సోషల్ చెబుతుంటాను. మొన్న ప్రాచీన నాగరికతలు చెబుతూ "పసుపు నది, ఒండ్రు నేల, పుష్కలంగా నీళ్ళు, అందుకని చైనాలో తొలి రాజవంశాలు పుట్టాయి" అని గైడులో ఉన్నది ఉన్నట్టు ఒప్పజెప్పాను. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, "మనకీ గోదారి ఉంది, ఒండ్రు ఉంది కదండీ. మరి మన లంకల్లో చక్రవర్తులు ఎందుకు పుట్టలేదండీ?" అంది. అందరూ నవ్వారు. వేంగి చాళుక్యులు, రాజమహేంద్రవరం అంటూ నాలుగు ముక్కలు చెప్పి ఇళ్ళకి పంపించేశాను.

అప్పట్నుంచీ అదే తొలుస్తోంది. వెతికితే షియా, షాంగ్, జౌ, చిన్, హాన్ అని పేర్ల వరస, పక్కన తేదీలు. ఆ పట్టిక నా దగ్గరా ఉంది. వీళ్ళు నిజంగా నీళ్ళ వల్లే పైకొచ్చారా? కాకపోతే దేనివల్ల? పిల్లలు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్పుకునేలాంటి సంగతులుంటే రాయండి. లింకు పడేసి వెళ్ళిపోకండి, ఇక్కడ సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే.

లాకుల_బాబాయి:

ఆ పిల్లని ముందు వరసలోకి మార్చండి మాస్టారూ.

నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. లాకులు, తూములు, గట్లు, శివారు రైతులతో పేచీలు, ఇదీ నా సర్వీసు. నీళ్ళే రాజుల్ని చేశాయని ఎవరైనా అంటే ఛాతీ విరుచుకోవాల్సినవాణ్ణి. కానీ చైనా తొలి రాజుల దగ్గర ఆ లెక్క కుదరదు.

నది పక్కన పారటం వేరు, నీళ్ళు పొలంలోకి ఎక్కటం వేరు. 1847లో మొదలెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసేదాకా గోదారి ఇలాగే పారేది, దాని పక్కనే జనం కరువుకి పోయేవారు. వరదొస్తే ములుగు, వాన తప్పితే ఎండు.

ఇంకో సంగతి. వాళ్ళ పాత రాజధానులు పసుపు నది డెల్టాలో లేనే లేవు. ఝెంగ్‌జౌ, అన్యాంగ్, లువోయాంగ్ మూడూ హెనాన్ ప్రాంతంలో, సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన. అన్యాంగ్ అయితే పసుపు నది మీద కూడా కాదు, హువాన్ అనే చిన్న ఏటి ఒడ్డున. పసుపు నది కిందకొచ్చేసరికి మోసుకొచ్చిన ఒండ్రంతా దింపేసి, తన అడుగు తనే ఎత్తు చేసుకుని, గట్టు తెంచుకుని దారి మార్చేస్తుంది. 1855లో అయితే షాన్‌డాంగ్ ద్వీపకల్పానికి దక్షిణాన సముద్రంలో కలిసే నది కాస్తా ఉత్తరానికి మళ్ళిపోయింది. నది నోటి దగ్గర కాపురం ఎలా ఉంటుందో అంతర్వేది వాళ్ళని అడిగితే చెబుతారు. మీ పిల్ల ప్రశ్నకి సగం జవాబు ఇదే: అక్కడా లంకల్లో చక్రవర్తులు పుట్టలేదు.

షాంగ్ వాళ్ళ కాలం సుమారు క్రీ.పూ. 1600 నుంచి 1046 దాకా. తిన్నది ముఖ్యంగా కొర్రలు, వరిగలు. రెండూ వాన మీద పండేవే. సాగు కాలువల మీద ఆ రాజ్యం నిలబడిందనటానికి ఆధారం లేదు. వాన కోసం ఆ రాజులు ఎంత తల్లడిల్లేవారో మాత్రం వాళ్ళ రాతల్లోనే ఉంది. పశువు భుజం ఎముకో, తాబేలు పొట్ట చిప్పో తీసుకుని, వెనకవైపు గుంటలు తొలిచి, అక్కడ నిప్పు సెగ పెట్టేవారు. ముందువైపు పగుళ్ళు తేలేవి. పగులు చూసి రాజు ఫలం చెప్పేవాడు. ఏ రోజు, ఎవరు, ఏమడిగారో ఆ ఎముక మీదే చెక్కేవారు. ఒకదాని మీద ఇలా ఉంది: ఈ రోజు వాన పడుతుందా? పడమటి నుంచి వస్తుందా? తూర్పు నుంచి వస్తుందా? ఉత్తరం నుంచి వస్తుందా? దక్షిణం నుంచి వస్తుందా? తూము తాళం తన దగ్గరున్నవాడు నాలుగు దిక్కులూ ఇలా వెతుక్కోడు.

పొలాల్లో దొరికిన ఈ ఎముకల్ని డ్రాగన్ ఎముకలని మందుల దుకాణాలకి అమ్మేసేవారు, అక్కడ నూరి మందుల్లో కలిపేవారు. 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు వాటి మీదున్నవి పాత అక్షరాలని గుర్తుపట్టాడు. 1928 నుంచి అన్యాంగ్‌లో తవ్వకాలు. ఇప్పటికి లక్షన్నర ముక్కలదాకా దొరికాయి. షాంగ్ పడిపోయిన 900 ఏళ్ళ తర్వాత సీమా చియాన్ అనే చరిత్రకారుడు రాసిపెట్టిన రాజుల వరసని 1917లో వాంగ్ గువోవెయ్ ఈ ఎముకలతో సరిచూస్తే దాదాపు అతికినట్టు సరిపోయింది. అంతదాకా షాంగ్ ఉత్త కట్టుకథే అన్నవాళ్ళు తక్కువమంది కాదు.

మరి దేంతో పైకొచ్చారంటారా? నా లెక్కలో, మనుషుల్ని పోగేసే శక్తితో. ఝెంగ్‌జౌలో షాంగ్ కాలపు మట్టి ప్రాకారం చుట్టుకొలత దాదాపు 7 కిలోమీటర్లు. చెక్కల మధ్య పలచగా ఒక పొర మట్టి, దిమ్మిస, మళ్ళీ పొర, మళ్ళీ దిమ్మిస. 3,000 ఏళ్ళు దాటినా కొన్నిచోట్ల ఇంకా నిలబడే ఉంది. ఏటిగట్లు వేయించినవాడిగా చెబుతున్నాను, మట్టి పనిలో మట్టి చివరి సంగతి. మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూడాలి. ఎంతమందిని, ఎన్నాళ్ళు, ఏం పెట్టి నిలబెట్టగలవు? అది చేయగలిగినవాడికి కంచూ దొరుకుతుంది, సైన్యమూ దొరుకుతుంది.

అజ్జరం_కొలిమి:

బాబాయిగారు కంచు మాట ఎత్తి వదిలేశారు, నేను అందుకుంటానండి. మాది పెరవలి దగ్గర అజ్జరం. తాతల నాటి నుంచీ ఇత్తడి పోతే మా బతుకు.

మనవైపు విగ్రహం పోయాలంటే మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి ఉంది. షాంగ్ వాళ్ళు ఆ దారిలో వెళ్ళలేదు. ముందు మట్టితోనే నమూనా చేస్తారు. దాని మీద తడి మట్టి అదిమి, కాస్త గట్టిపడ్డాక ముక్కలుగా కోసి ఊడదీస్తారు. నమూనాని పైపైన చెక్కి సన్నం చేస్తే అదే లోపలి దిమ్మ. దాని చుట్టూ ముక్కల్ని మళ్ళీ నిలబెట్టి, మధ్య సందులో కంచు పోస్తారు. సందు అంతటా ఒకే మందం ఉండేందుకు చిన్న చిన్న కంచు బిళ్ళలు ఇరికిస్తారు. నగిషీ అంతా అచ్చులోనే. పోత అయ్యాక ఉలి పెట్టి దిద్దింది తక్కువ. ఫొటో దొరికితే పెద్దది చేసి చూడండి, అచ్చు ముక్కలు కలిసినచోట నిలువుగా రెక్కల్లాంటి అంచులు ఉంటాయి. అతుకు దాచటానికే అని మావాళ్ళు చూడగానే చెప్పేస్తారు.

అన్యాంగ్‌లో 1939లో ఊరివాళ్ళకి దొరికిన నాలుగు కాళ్ళ కంచు పాత్ర ఒకటుంది. ఎత్తు 133 సెంటీమీటర్లు, బరువు 832 కిలోలు. జపాన్ సైన్యం కంట పడకుండా మళ్ళీ పూడ్చేసి, 1946లో బయటకు తీశారు. అంత కంచు ఒక మూసలో కరగదు. ఎన్నో కొలిములు ఒకేసారి వేడి మీదుండాలి, ఒకరి వెనక ఒకరు ఆగకుండా పోస్తూ ఉండాలి. మధ్యలో ఎవడైనా తడబడ్డాడా, పోసింది గట్టిపడి పొర పడిపోతుంది, మొత్తం పగలగొట్టి మొదటికి రావాల్సిందే. బొగ్గు కాల్చేవాళ్ళు, రాగి తవ్వేవాళ్ళు, తగరం తెచ్చేవాళ్ళు, మట్టి తొక్కేవాళ్ళు, వీళ్ళందర్నీ ఒకే రోజుకి ఒకచోట చేర్చినవాడు రాజు కాక ఇంకెవరండీ? అక్కడికి బాబాయిగారి మస్టర్ రోల్ మాటే నాదీను.

ఆ వెనక వరస పిల్లకి ఫూ హావో గురించి చెప్పండి మాస్టారూ. వూ డింగ్ అనే రాజు భార్యల్లో ఒకావిడ, క్రీ.పూ. 1200 ప్రాంతం. 13,000 మందిని వెంటేసుకుని దండయాత్రకి వెళ్ళే సంగతి ఎముకల మీద ఉంది. 1976లో ఆవిడ సమాధి దొంగలు తాకకుండా దొరికింది. 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు, 6,800కి పైగా గవ్వలు. అదే గోతిలో 16 మంది మనుషుల్ని కూడా బలిచ్చి పెట్టారు, అది దాచకుండా చెప్పండి. ఆవిడ కాన్పు గురించి అడిగిన ఎముక కూడా ఉంది: ఫలానా రోజైతే మంచిది, ఫలానా రోజైతే మహా మంచిది అని రాజు చెప్పాడు. 31 రోజులకి వేరే రోజున కాన్పయింది. కింద రాశారు: "బాగాలేదు. ఆడపిల్ల." దాని మీద మీ క్లాసులో ఒక గంట గొడవ గ్యారంటీ.

ఊరకే ఒక మాట. తర్వాత జౌ కాలంలో గంటలు పోశారు. హుబేలో 1978లో ఒక రాజు సమాధిలోంచి 65 గంటల వరస తీశారు, క్రీ.పూ. 433 నాటిది. ఒక్కో గంటనీ మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకో స్వరం. గంటని గుండ్రంగా కాకుండా బాదం గింజ ఆకారంలో పోశారు. గుడి గంటలు పోసే మా చేతులకి ఆ పని ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఇంతకంటే పొగడను.

రాజోలు_ట్యూషన్:

ఇద్దరికీ ధన్యవాదాలండి. కానీ బాబాయిగారూ, మొట్టమొదటి వంశం షియా అనీ, వరదల్ని అదుపు చేసినందుకే యూ అనే ఆయన్ని రాజుని చేశారనీ గైడులో ఉంది. అంటే మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చాం కదా?

లాకుల_బాబాయి:

యూ కథంటే నాకు మహా ఇష్టం, అచ్చంగా మా డిపార్ట్‌మెంట్ కథ. వరదలొస్తే ముందు యూ తండ్రి గున్‌కి పని అప్పగించారు. తొమ్మిదేళ్ళు గట్లు కట్టి నీళ్ళని ఆపబోయాడు. ఆగలేదు. ఆయన ప్రాణం పోయింది. కొడుకు యూ కాలువలు లోతు చేసి నీళ్ళని సముద్రం దారి పట్టించాడు. 13 ఏళ్ళు పని మీదే ఉండి, సొంత ఇంటి ముందు నుంచి వెళుతూ కూడా లోపల అడుగు పెట్టలేదట. మా ఆవిడ ఈ ముక్క విని, "మీరూ అంతేగా, ఆయన వరదన్నా ఆపాడు" అంది.

ఇక సాక్ష్యం. యూ పేరు కనిపించే అతి పాత వస్తువు జౌ కాలపు కంచు పాత్ర, క్రీ.పూ. 9వ శతాబ్దం ప్రాంతానిది. షియా మొదలైందని చైనాలో చెప్పుకునే తేదీ క్రీ.పూ. 2070. మధ్యలో వెయ్యేళ్ళకి పైగా ఖాళీ. లక్షన్నర ఎముకల్లో షియా అనే రాజ్యం ఊసు ఖాయంగా ఎక్కడా తేలలేదు. లువోయాంగ్ దగ్గర ఎర్లితౌలో 1959లో బయటపడిన ఊరు మాత్రం నిఖార్సైన నిజం: రాజభవనాల పునాదులు, తిన్నటి వీధులు, తొలినాటి కంచు పాత్రలు, 2,000కి పైగా టర్కాయిస్ రాతి ముక్కలు పేర్చి చేసిన డ్రాగన్. అదే షియా అని చైనా పండితుల్లో చాలామంది, రాత దొరికేదాకా ఆగమని బయట పండితుల్లో చాలామంది. 2016లో ఒక పరిశోధన వచ్చింది. పసుపు నది ఎగువన జిషీ లోయలో కొండచరియ అడ్డుపడి, సుమారు క్రీ.పూ. 1920లో తెగి మహా వరద వచ్చిందనీ, యూ వరద అదేననీ. దాని మీద పేచీ నడుస్తూనే ఉంది. పిల్లలకి షియాని పురాణమనీ చెప్పకండి, రుజువైందనీ చెప్పకండి.

నీళ్ళతో నిజంగా బలిసిన రాజ్యం చూడాలంటే బాగా కిందకి రావాలి. మధ్యలో జౌ వాళ్ళు క్రీ.పూ. 1046 ప్రాంతంలో ముయే దగ్గర షాంగ్‌ని కొట్టి, దుర్మార్గుడైన రాజు దగ్గర్నుంచి ఆకాశం అధికారం వెనక్కి తీసేసుకుంటుందని వాదించారు. గెలిచినవాడికి భలే పనికొచ్చే వాదన. తర్వాతి తిరుగుబాటుదారు ప్రతివాడూ అదే వాళ్ళ మీదకి ఎత్తుకున్నాడు.

చిన్ వాళ్ళు క్రీ.పూ. 316లో ఇప్పటి సిచువాన్‌లోని షూ దేశాన్ని పట్టుకున్నారు. అక్కడ క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి కట్టించిన సాగునీటి ఏర్పాటే దూజియాంగ్యాన్. నాకు ఒక్కసారి చైనా చూపిస్తానంటే గోడ వద్దు, అక్కడికే తీసుకెళ్ళమంటాను. మిన్ నదికి అడ్డంగా ఆయన ఆనకట్ట కట్టలేదు. నది మధ్యలో చేప మూతి లాంటి గట్టు వేసి రెండు పాయలుగా చీల్చాడు. లోపలి పాయ లోతు, బయటి పాయ వెడల్పు. నీళ్ళు తక్కువున్నప్పుడు పదింట ఆరు వంతులు లోపలికి, అంటే పొలాలకి. వరదప్పుడు లెక్క తిరగబడి ఎక్కువ నీరు బయటి పాయలో పోతుంది. లోపలి పాయ కొండని తొలిచిన 20 మీటర్ల సందులోంచి చెంగ్డూ మైదానంలోకి దిగుతుంది. సందుకి ముందే ఒక పల్లపు అలుగు, ఎక్కువైన నీళ్ళూ ఇసుకా దాని మీంచి పొర్లిపోవటానికి. మందుగుండు లేని రోజులు. రాతిని మంటతో కాల్చి, నీళ్ళు పోసి పగలగొట్టారని చెబుతారు. గట్టుకి వాడింది వెదురు బుట్టల్లో నింపిన గుండ్రాళ్ళు. నీటిమట్టం చూడటానికి రాతి మనుషుల్ని నిలబెట్టారట. ఎండల్లో నీళ్ళు పాదాల కిందకి దిగకూడదు, వరదల్లో భుజాలు దాటకూడదు. మనకి ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది.

ఏటా శీతాకాలం నీళ్ళు తగ్గాక కర్ర ముక్కాళ్ళు నిలబెట్టి పాయకి అడ్డుకట్ట వేసి పూడిక తీయటం అక్కడి ఆనవాయితీ. అడుగు లోతుగా తీయాలి, అలుగు ఎత్తు పెంచకూడదు అని ఆ పక్కన గుడి దగ్గర రాతి మీద చెక్కించి పెట్టుకున్నారు. మనమూ ఎండాకాలం కాలువలు కట్టేసి పూడిక, గుర్రపుడెక్క తీయిస్తాం. బిల్లులో పూడిక ఎంత, కాలువలో పూడిక ఎంత అన్నది ఇక్కడ రాయను, పింఛను తీసుకుంటున్నవాణ్ణి. 2,200 ఏళ్ళు దాటినా ఆ పని ఇవాళ్టికీ 6 లక్షల హెక్టార్లకి పైగా తడుపుతోంది. మన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపితే 10 లక్షల ఎకరాలు, అంటే 4 లక్షల హెక్టార్లు.

క్రీ.పూ. 246లో ఇంకో తమాషా. చిన్‌కి పక్కనే హాన్ అనే చిన్న రాజ్యం. తర్వాతి హాన్ వంశానికీ దీనికీ సంబంధం లేదు. జెంగ్ గువో అనే నీటి పనివాణ్ణి చిన్ రాజు దగ్గరికి పంపి, పెద్ద కాలువ తవ్వించమని ఎక్కించారు. డబ్బూ మనుషులూ అందులోనే కరిగిపోతే తమ మీదకి రారని ఎత్తు. పని మధ్యలో గుట్టు తెలిసిపోయింది. చంపబోతే ఆయన, "వచ్చింది గూఢచారిగానే, కానీ కాలువ పూర్తయితే లాభం మీకే" అన్నాడట. పూర్తి చేయించారు. ఒండ్రు నీళ్ళు పారి చౌడు భూములు పంటకొచ్చాయి, సైన్యానికి తిండి దొరికింది. చిన్ మొదట మింగింది ఆ హాన్‌నే, క్రీ.పూ. 230లో. 221కల్లా మిగతావీ అయిపోయాయి.

రెవెన్యూలో_చిరుద్యోగి:

చిన్ అనగానే అందరూ మట్టి సైన్యం అంటారండి. 1974లో బావి తవ్వుతుంటే రైతులకి దొరికింది, దాదాపు 8,000 బొమ్మలు, సరే. నాకు మాత్రం 1975లో హుబేలోని షుయిహూదీలో దొరికిన సమాధి ముఖ్యం. అందులో ఉన్నది షీ అనే చిన్న ఉద్యోగి. చుట్టూ వెయ్యికి పైగా వెదురు పలకలు, నిండా చట్టాలు, కేసుల రాతలు. మనిషి పోయినా ఫైళ్ళు వదల్లేదు.

అందులో పొలాల చట్టం చూడండి. మంచి వాన పడితే ఎంత విస్తీర్ణానికి మేలు జరిగిందో, సాగు లేకుండా ఎంత ఉందో రాసి పంపాలి. కరువు, గాలివాన, వరద, మిడతలు, ఏది తగిలినా దెబ్బతిన్న విస్తీర్ణం రాయాలి. దగ్గరి తాలూకాల నుంచి చురుగ్గా నడిచేవాడు పట్టుకెళ్ళాలి, దూరమైతే తపాలా వరసలో పోవాలి. వరికి విత్తనం ఇంత, కొర్రకి ఇంత అని కూడా ఉంది. ఏదైనా అడగాలంటే రాసే అడగాలి, నోటిమాట చెల్లదు, ఇంకొకరి చేత చెప్పించినా చెల్లదు. తుఫాను తర్వాత మోకాలి లోతు నీళ్ళలో పంట నష్టం రాసుకుంటూ తిరిగి, రాత్రి యాప్ తెరుచుకోక కూర్చున్న నాకు ఈ షీ దగ్గరి చుట్టంలా అనిపించాడు.

ఇంత కట్టుదిట్టమైంది 15 ఏళ్ళకే ఎందుకు కూలిందంటే, సీమా చియాన్ చెప్పే కథ ఇది. క్రీ.పూ. 209లో 900 మందిని సరిహద్దు కాపలాకి తోలుకెళుతుంటే దాజెషియాంగ్ దగ్గర వానలకి దారులు మునిగాయి. ఆలస్యమైతే ఎలాగూ తల తీస్తారని చెన్ షెంగ్, వూ గువాంగ్ తిరగబడ్డారు. కానీ ఈ వెదురు పలకల్లో, ప్రభుత్వ పనికి పిలిస్తే 3 నుంచి 5 రోజులు ఆలస్యమైనవాడికి తిట్లు, 6 నుంచి 10 రోజులకి ఒక డాలు జరిమానా, అది దాటితే ఒక కవచం. వాన అడ్డొస్తే మినహాయింపు.

లాకుల_బాబాయి:

మట్టి పనికి పిలవటం వేరు, సరిహద్దు కాపలా వేరు కదా బాబూ. రెండింటికీ ఒకే శిక్ష ఉండాలనేముంది?

రెవెన్యూలో_చిరుద్యోగి:

ఉండాలని లేదండి, ఆ మాటే కొందరు పండితులూ అంటారు. కానీ సీమా చియాన్ జీతం తీసుకున్నది చిన్‌ని పడగొట్టి వచ్చిన హాన్ వాళ్ళ దగ్గర, అది కూడా లెక్కలో ఉంచుకోవాలి. ఆ హాన్ వాళ్ళు చిన్‌ని తిడుతూనే చిన్ కార్యాలయాన్ని యథాతథంగా నడిపారు. క్రీ.శ. 2లో వాళ్ళు తీసిన జనాభా లెక్కలో దాదాపు 6 కోట్ల మంది తేలారు. దాని మొదలు ఎక్కడుందంటే, క్రీ.పూ. 206లో, తర్వాత హాన్ వంశం నిలబెట్టిన లియు బాంగ్ సేన చిన్ రాజధాని షియాన్‌యాంగ్‌లోకి జొరబడగానే సేనాపతులంతా బంగారం, పట్టు ఉన్న గదుల మీద పడ్డారు. షియావో హె అనే ఆయన ఒక్కడే రికార్డు గదికి వెళ్ళి చట్టాలు, మ్యాపులు, రిజిస్టర్లు పట్టుకొచ్చుకున్నాడు. ఏ కోట ఎక్కడుందో, ఏ ఊళ్ళో జనం ఎంతో ఆ తర్వాత లియు బాంగ్‌కి తెలిసిందంటే అందువల్లే. మాస్టారూ, రేపు పిల్లల్ని అడిగి చూడండి, వాళ్ళయితే ముందు ఏ గది తలుపు తీసేవారో.